ఇంటిముచ్చటలు: ముత్తవ్వ పేరేమి?



మీ తాతగారి పేరు మీకు తెలియును. వారి తండ్రిగారి పేరును తెలిసియుండవచ్చును. కాని మీ నాయనమ్మగారి యత్తగారి పేరేమని యెవరైన నడిగినచో తడుముకొనక చెప్పగలవారు మనలో నెందరుందురు? తద్దినమునాడు పురోహితుడు మూడు తరముల పేళ్లే చెప్పించును. నాలుగవ తరము వచ్చునప్పటికి మొదటి పేరు జారిపోవును. మగవారి పేళ్లు జారినను పొలము లెక్కలలోనో పత్రములలోనో యెక్కడనో యొకచోట చిక్కును. ఆడువారి పేళ్లు జారినచో పట్టుకొనుటకు కొమ్మ యుండదు.

ఈ తలంపు మాకు గలుగుటకు మా పుట్టినింట జరిగిన యొక సంగతి కారణము. ఆ యూరు గురజాలకు దగ్గరనే యున్నది. ఊరి పేరును, ఇంటిపేరును, మనుష్యుల పేళ్లను వ్రాయుట లేదు. ఇంటిగుట్టు వీధికెక్కించుట మా యభిమతము గాదు. సంగతి మాత్రము ప్రతి రైతు కుటుంబమునకును పనికివచ్చునది గావున విన్నవించుచున్నాము.

మా యూర మా యింటిపేరు గలవి రెండిండ్లు. పెద్దిల్లు మాది. రెండవది చిన్నిల్లు. నడుమ నొక గోడయే యడ్డము. అయినను ఇలవేల్పునకు పొంగలి పెట్టునాడు చిన్నింటివారిని పిలుచుట లేదు. ఆ యింట నెవరైన పోయినచో మా యింట మైల పట్టుట లేదు. కారణమేమని చిన్ననాడు మేమడిగినప్పుడు పెద్దలు చెప్పిన మాట యిది: "వాళ్ల మూలపురుషుడు మనవాడు కాదమ్మా. నందన కరువులో దొరికిన పిల్లవాడు. మన పెద్దలు జాలిపడి గంజి పోసి పెంచి, ఇంటిపేరు ఇచ్చినారు." చిన్నింటివారి మాట వేరు: "మేము మూడవ కొడుకు సంతానమే. పొలములో పాలు ఎగవేయడానికి ఆ మాట పుట్టించినారు." ఒకరి మాట నిజమైనచో రెండవవారు పరాయివారు. రెండవవారి మాట నిజమైనచో మొదటివారు మోసగాండ్రు. ఈ చిక్కు నాలుగు తరములుగా విడక నిలిచియుండెను.

పల్నాటివారికి అన్నదమ్ముల తగవు క్రొత్త గాదు. పండ్రెండవ శతాబ్దిలో కారెంపూడి కడ జరిగిన యుద్ధము వేర్వేరు తల్లుల బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజుల రాజ్యపు పాలివలన బుట్టినదే. ఆ తండ్రి యనుగురాజునకు ఈ సీమ భార్యతో వచ్చిన యరణమని కథ చెప్పుదురు. తగవు కొడుకులది, భూమి తల్లిది. ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు. మా యింటి కథయు తుదకు ఆ చోటికే వచ్చినది.

మా పెద్దమ్మగారి మనుమరాలు, మాకు మేనకోడలు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమె చేత నొక వెడల్పాటి కాగితముండెను. అచట పొరుగింటి ముసలమ్మ తన పూర్వుల వంశవృక్షమును వ్రాసి చూపినదట. ఆమె పూర్వులు రాజులును గారు, సేనాపతులును గారు. అడవి కొట్టి మొక్కజొన్న పండించుకొన్న సేద్యగాండ్రు. "వాళ్లకు అంత ఉన్నప్పుడు మనకెందుకు లేదు అత్తా?" యని పిల్ల యడిగెను.

వారికిని సులువుగా దొరకలేదని తరువాత తెలిసినది. అమెరికాలో 1790 మొదలు పదేండ్లకొకసారి జనాభా లెక్క వ్రాయుచున్నారు. కాని 1840 వరకు ఇంటి యజమాని పేరొక్కటే వ్రాసి, తక్కినవారిని ఆడువారింతమంది, మగవారింతమంది యని గీతలు గీచి విడిచిరి. 1850లో గాని ఇంటనున్న స్వతంత్రులందరి పేళ్లు వ్రాయుట మొదలు గాలేదు. బానిసలుగా నుంచబడిన నల్లవారికి అప్పటికిని పేరు దక్కలేదు. పేరునకు బదులు వయస్సును, ఆడ మగ గుర్తును, రంగును వ్రాసిరి. 1890 నాటి కాగితములు 1921లో వాషింగ్టను నగరమున జరిగిన యగ్నిప్రమాదము వలన చాలవరకు నాశమయ్యెను. ఆ ముసలమ్మ పూర్వురాలికి బైబిలు పుస్తకపుటట్ట లోపల వ్రాసిన పుట్టిన సంవత్సరమొకటి, సమాధిరాతిపై మరియొకటి, జనాభా లెక్కలో నింకొకటి. రెండు లెక్కల నడుమ లోకమునకు పదేండ్లు గడువగా ఆమెకు ఏడేండ్లే గడచినవట! ఈ మాట చెప్పి పిల్ల నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఆ పూర్వురాలి పుట్టినింటి పేరు ఏ కాగితమునను దొరకలేదని చెప్పగా మాకు నవ్వు రాలేదు.

మన దేశమున జనాభా లెక్క 1871 ప్రాంతమున మొదలై, 1881లో దేశమంతట నొక్కసారి జరిగెను. కాని ఇంటింట వ్రాసిన కాగితములు నిలువలేదు, మొత్తములు మాత్రమే మిగిలినవి. సమాధిరాళ్లు మన రైతు కుటుంబములలో నరుదు. అందుచేత మన దారి వేరు. ఆ దారిలో మాకు మూడు సాక్ష్యములు దొరికినవి. మూడును మూడు విధముల బలికినవి.

మొదటి సాక్ష్యము నోటిది. మన వైపు కమ్మవారికి, రెడ్లకు గోత్రములు, వంశములు చెప్పువారు పిచ్చుగుంట్లవారు. ఇప్పుడు వారు తమ్ము వంశరాజులని చెప్పుకొందురు. కొన్నేండ్లకొకసారి వచ్చి, పందిరి క్రింద నిలిచి, తాత ముత్తాతల పేళ్లు వరుసగా పాడి, ధాన్యమును బట్టలును గైకొని పోయెడివారు. మేము చిన్నవారమై యుండగా వచ్చిన ముసలాయన చెప్పిన వరుసను మా నాయనగారు పద్దుల పుస్తకమున వ్రాసి యుంచిరి. అందు మూలపురుషునకు కుమారులు మువ్వురని స్పష్టముగా నున్నది. మూడవవాని పేరును గలదు. తల్లి పేరు లేదు. కోడండ్ర పేళ్లును లేవు.

పెద్దింటివారు దీనికి చెప్పెడి సమాధానము: "పాడేవాళ్లకు ఎవరు గింజలు పెడితే వాళ్ల పేరు కలుపుతారు. పైగా ఆ మూడవవాడి పేరు చూడండి. మన వంశములో ముందు గాని వెనుక గాని ఆ పేరు ఎవరికైనా ఉన్నదా?" ఈ మాట నిజము. మా యింట తాత పేరు మనుమనికి పెట్టుట వాడుక. అదే నాలుగు పేళ్లు చక్రమువలె తిరిగి వచ్చుచుండును. మూడవవాని పేరు మాత్రము ఆ చక్రములో లేదు.

రెండవ సాక్ష్యము కరణముగారి లెక్క. రికార్డు గది నుండి ఫసలీ 1285 నాటి చిట్టా నకలు మా యన్నగారు తెప్పించిరి. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు శకము వచ్చును. లెక్క జూలై నెలతో మొదలగును గావున అది 1875-76. అందు మా పూర్వుని భూములు మొదటి యిద్దరు కుమారుల పేర నున్నవి. మూడవవాని పేరు మచ్చునకైన లేదు. పెద్దింటివారికిదియే బ్రహ్మాస్త్రము: "కొడుకైతే పాలు ఉండదా?"

అయితే కరణముల లెక్క దైవవాక్యము గాదు. గుంటూరు జిల్లా లెక్కలలో నెంత మాయ జరిగెనో విచారించుటకు 1845లో వాల్టర్ ఇలియట్ దొరను ప్రభుత్వమువారు పంపిరి. కచ్చేరీ యుద్యోగులును గ్రామ లెక్కలు వ్రాయువారును కలిసి శిస్తును దాచిన విధమును, పత్రములను తారుమారు చేసిన విధమును ఆయన 1846లో నివేదించెను. ఫ్రికెన్‌బర్గ్ అను చరిత్రకారుడు 1965లో ఈ జిల్లాను గూర్చి వ్రాసిన గ్రంథమునకు ఈ దాపరికమే ముఖ్యవస్తువు. చిట్టాలో పేరున్నంత మాత్రమున భూమి యున్నట్లు గాదు. పేరు లేనంత మాత్రమున మనిషి లేనట్లును గాదు. చిట్టా వ్రాసినవారికి కావలసినది శిస్తు నెవరు చెల్లింతురనునదే గాని, ఎవరి కడుపున నెవరు పుట్టిరనునది గాదు.

మూడవ సాక్ష్యము చిన్నింట దొరికినది. మా మేనకోడలు ఎవరి యనుమతియు నడుగక గోడ యవతలికి పోయి, ఆ యింటి పెద్దకోడలి యెదుట కూర్చుండి, "పాత కాగితాలేమైనా ఉన్నాయా పెద్దమ్మా?" యని యడిగినది. మా వయస్సు వారెవరును ఆ గడప దాటియుండలేదు. ఆమె లోపలికి పోయి చెక్కపెట్టె తెచ్చి ముందుంచినది. అందు తాటియాకొకటి యుండెను. "నందన సంవత్సరము, మాఘమాసము, మా చెల్లెలికి మూడవ కొమారుడు పుట్టె" నని దానిపై గంటముతో వ్రాసి, తిథిని వారమును చేర్చియుండిరి. ఆ చెల్లెలెవరో, ఏ యింటికిచ్చిరో, ఏ శకమో లేదు. మూడవవాని పేరు మాత్రము గలదు.

ఇచట గొప్ప చిక్కు వచ్చినది. మన సంవత్సరముల పేళ్లు అరువదేండ్లకొకసారి మరల వచ్చును. నందన 1832-33లో వచ్చెను, 1892-93లోను వచ్చెను. చిన్నింట తాత పేరే మనుమనికిని పెట్టిరి. ఆ మనుమడు రెండవ నందన ప్రాంతమువాడే. కావున "ఆకులో ఉన్నది మనుమడి పుట్టుక, తాతది కాదు" అని పెద్దింటి వాదము. మీరును మీ యిండ్ల పాత వ్రాతలు చూచునప్పుడు దీనిని మరువవలదు. సంవత్సరము పేరొక్కటే యున్నచో అరువదేండ్ల పొరపాటు రావచ్చును. మాఘమన్నచో మరియొక యేడాది పొరపాటు గూడ పొంచియుండును. నందన 1832లో ఉగాదితో మొదలైనను దాని మాఘము 1833లో వచ్చినది గదా!

చిక్కు విప్పినది వారము. ఒక తిథి అరువదేండ్ల తరువాత మరల అదే వారమున వచ్చుట నియతము గాదు. మేనకోడలు ఆ మాఘ తిథికి 1833లో నేవారమో, 1893లో నేవారమో గణితము చేసి చూచినది. మా గ్రామ పురోహితుడును తన లెక్క తాను గట్టెను. ఇరువురును 1833 అనియే చెప్పిరి. ఆకుపై వ్రాసినది మనుమడు గాడు, తాతయే.

అనగా మొదటి నందన. గుంటూరు కరువు. దానిని గూర్చి మన యవ్వలు చెప్పెడి మాటలు మీరు వినియుందురు. జిల్లాలో నయిదు లక్షల జనముండగా రెండు లక్షల వరకు నశించిరని చెప్పుదురు. ఆ యెముకల మీదనే బెజవాడ యానకట్ట యాలోచన మొలిచి 1855 నాటికి పూర్తియైనది. కాని ఆ నీరు డెల్టాకు పారినదే గాని పల్నాటి మెరక కెక్కలేదు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుచువరకు మా పొలములకు వానయే దిక్కు. అట్టి సీమలో 1833 మాఘమున నొక స్త్రీ మూడవ బిడ్డను గన్నది. ఎచట గన్నది? తాటియాకు వ్రాసినది అన్న. కావున పుట్టినింట. ఎవరి చెల్లెలు? అది యింకను తేలలేదు.

పెట్టె యడుగున ముద్రకాగితము మీద వ్రాసిన పత్రమొకటి మడతలు పడి యుండెను. 1868లో రిజిస్టరైన పత్రము. దానిని చదువుటకు మాకు రెండు దినములు పట్టినది. విరుపులు లేక, మాటలు కలిపి వ్రాసిన గొలుసుకట్టు వ్రాత. వ్రాయించినది ఒక వితంతువు. మా మూలపురుషుని పేరు చెప్పి, ఆయన భార్యననియు, ఫలానా యూరి ఫలానా యింటి ఫలానా వారి కుమార్తెననియు తన్ను దాను చెప్పుకొన్నది. వివాహకాలమున పసుపు కుంకుమల క్రింద తండ్రి తనకిచ్చిన నాలుగెకరముల చిల్లర భూమి, ఒక బావి, తన పుట్టినింటి యూరిలో నున్నవట. పెద్దవారిద్దరును తండ్రి భూమి ననుభవించుచున్నందున, తన కడసారి కుమారునకు తన భూమిని ఇచ్చుచున్నానని వ్రాయించి వ్రేలిముద్ర వేసినది. సాక్షులలో మొదటివాడు ఆమె యన్న. తాటియాకు దొరికిన ఇంటివాడే!

ఒక్కసారిగా అన్నియు సరిపడినవి. మూడవవాని పేరు మా వంశచక్రములో లేకుండుటకు కారణము, అది తల్లిగారి తండ్రి పేరు. చిట్టాలో లేకుండుటకు కారణము, ఆయన పొలము రెండు కోసుల దూరమున నున్న మరియొక గ్రామపు లెక్కలో నుండుట. మేము మా యూరి చిట్టాయే చూచితిమి గాని పొరుగూరి చిట్టా చూడనేలేదు. తరువాత తెప్పించి చూడగా అదే ఫసలీలో, ఆ బావితో సహా, ఆయన పేరు గలదు. పిచ్చుగుంట్లవారు పాడినదియు నిజము. కరణము వ్రాసినదియు నిజము. మామ వ్రాసిన ఆకును నిజము. ఒక్కొక్కరు తమకు కావలసినంత మేర వ్రాసికొనిరి. తల్లి పేరు చేరినతోడనే మూడును ఒక దారమున గ్రుచ్చబడినవి.

మరి "దొరికిన పిల్లవాడు" అను మాట యెట్లు పుట్టినది? మేమూహించినది చెప్పెదము. కరువునాడు బావియున్న పుట్టినింటనే ఆమె ప్రసవించినది. పసివానిని మేనమామ కడనే విడిచి, పెద్దబిడ్డలతో తాను మెట్టినింటికి వచ్చియుండును. వాడు కొంత పెరిగిన తరువాత ఈ యూరికి వచ్చినప్పుడు, వాని పుట్టుక నెరిగిన ముసలివారిలో నెందరు మిగిలియుందురు? చూచినవారు "కరువులో పుట్టిన పిల్లవాడు" అనియుందురు. నోట నోట నలిగి "కరువులో దొరికిన పిల్లవాడు" అయినది. ఒక్క మాట మారుట చేత నాలుగు తరములు గోడ కిరువైపుల నిలిచిరి.

ఇంకొక సాక్ష్యము మా కన్నుల యెదుటనే యుండెను, మేమే చూడలేదు. ఇన్నేండ్లుగా పెద్దింటి పిల్లను చిన్నింటికి గాని, చిన్నింటి పిల్లను పెద్దింటికి గాని యిచ్చినవారు లేరు. ఈడుజోడు కుదిరిన పిల్లలు లేక గాదు. ఆ మాట యెత్తినచో పెద్దలు "కూడదు" అని ముఖము త్రిప్పుకొనెడివారు. పరాయివారైనచో ఎందులకు కూడదు? అన్నదమ్ముల బిడ్డలు గనుకనే కూడదు! నోరు కాదన్నదానిని ఆచారము ఔనని కాపాడుచునే యుండెను. ఈ సంగతి మొదట గ్రహించినది మగవారు గారు. పెండ్లి సంబంధముల లెక్క మనస్సులో నుంచుకొను మా వదినెగారు.

మా పెద్దమ్మగారికి ఎనుబదియెనిమిదేండ్లు. పత్రము చదువుచున్నంతసేపు గోడకానుకొని వినుచుండిరి. మేనకోడలు "చూశావా నాయనమ్మా, వాళ్లు మనవాళ్లే" యన్నది. ఆమె చాలసేపు పలుకలేదు. తుదకు, "అయితే పోయిన యేడు వాళ్ల పెద్దాయన పోయినప్పుడు మనకు మైల ఉండినట్టే గదే. మూడోనాడు మనము దీపావళి చేసుకొంటిమి. టపాకాయలు కాల్చినాము" అనిరి. అంతకుమించి యేమియు ననలేదు. మరునాడు తెల్లవారుజామున తలస్నానము చేసి, కోడలి చేయిపట్టుకొని, గోడ చుట్టి నడచి, ఆ యింటి గడపలోనికి పోయిరి. లోపల నేమి మాటలాడుకొనిరో మేమడుగలేదు. తిరిగి వచ్చునప్పుడు ఆ యింటి విధవరాలు మా వీధి యరుగు వరకు సాగనంపి, "పోయి వస్తారా అత్తా" యన్నది. ఆ పిలుపు మా యింట ఎన్నడును వినబడియుండలేదు.

సోదరీమణులారా! ఈ సంగతి వలన మేము నేర్చుకొన్నది కొంచెము చెప్పి విరమింతుము.

ఏ వ్రాత చూచినను అది ఎవరు, ఎందులకు వ్రాసిరని మొదట నడుగుడు. శిస్తు కొరకు వ్రాసినదానిలో పట్టాదారులు తప్ప బిడ్డలు దొరకరు. ఇనాము భూములున్న కుటుంబములవారికి 1858 తరువాత ఇనాము కమీషనువారు వ్రాయించిన రిజిస్టరులు కలవు. అందు భూమి నెవరిచ్చిరి, ఎవరు పొందిరి, ఇప్పుడెవరనుభవించుచున్నారను వివరములు దొరకును. మెకంజీ దొర కాలమున, అనగా పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో, సేకరించిన గ్రామ కైఫియతులలో ఊరి పుట్టుక, గుడి, కరణముల మిరాసి కనబడును గాని సామాన్య రైతు కనబడుట యరుదు. గోత్రములు పాడువారు లేని కుటుంబములు పల్నాట నెన్నియో కలవు. వారిలో క్రైస్తవులైనవారికి మిషను దాఖలాలు సాయపడవచ్చును. అమెరికా నుండి 1842లో గుంటూరునకు వచ్చిన హేయర్ దొర 1849లో గురజాలకు వచ్చి పనిచేసెను. ఎవరును పాడని, ఏ చిట్టాయు నెక్కించుకొనని పేదవాని యింటిపేరు బాప్తిస్మపు పట్టీలో నుండుట సంభవమే. ఇక 1984లో కరణీకములు రద్దగుటతో పాత లెక్కలు చేతులు మారినవి. కొన్ని కచ్చేరీలకు చేరినవి, కొన్ని యటకల మీదనే చెదలకు చిక్కినవి. కావున ఇంటనున్నవానిని పొయ్యిలో వేయకుడు. భోగిమంటకు వేయుదమని పిల్లలు పెట్టె యెత్తినచో మూత దీసి చూచి గాని యీయకుడు.

అన్నిటికంటె ముఖ్యము, ఇంటి ముసలమ్మలను అడుగుడు. "మన పొలమెంత?" యని మగవారు అడుగుదురు. మీరు "మన యింటికి కోడండ్రు ఏ యూరినుండి వచ్చిరి, ఏ యింటిపిల్లలు, పసుపు కుంకుమల క్రింద నేమి తెచ్చుకొనిరి?" యని యడుగుడు. తగవు చిట్టాలో తెగకపోయినను ఆ జవాబులో తెగవచ్చును. ఆడపిల్లకు తండ్రి యాస్తిలో కొడుకుతో సమానమైన పాలు మన యాంధ్రరాష్ట్రమున 1985 సెప్టెంబరు నుండి శాసనమైనది. దేశమంతటికి 2005లో వచ్చినది. ఆ హక్కు కాగితము మీద నిలువవలెనన్నను పేరు, ఎవరి కుమార్తె, ఏ యూరు అను మూడును స్పష్టముగా వ్రాయించుకొనుట మన పనియే. మా ముత్తవ్వ 1868లో చదువురాని చేతితో చేయించినది అదియే గదా!

ఇది మన సీమకు క్రొత్తయు గాదు. నాగార్జునకొండ లోయ 1926లో వెలుగునకు వచ్చి, అచట దొరికిన శాసనములలో బోధిసిరి యను ఉపాసిక వేయించినది యొకటి గలదు. మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున, ఆమె చైత్యము కట్టించి ఆ పుణ్యములో తన భర్తకు, తండ్రికి, తల్లికి, అన్నదమ్ములకు, చెల్లెలికి, వారి బిడ్డలకు పాలు పెట్టుచు వారి పేళ్లు రాతిపై చెక్కించినది. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండును ఆ రాతిపై నున్నవి. రాజులును ఆ కాలమున వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అని తల్లి పేరనే చెప్పుకొనిరి. పదునేడు వందల యేండ్ల క్రిందటి పల్నాటి గృహిణి యింటివారి పేళ్లు మనకు తెలియుచుండగా నూట యేబదేండ్ల క్రిందటి మన ముత్తవ్వ పేరు మనకు తెలియకుండుట యెంత సిగ్గు!

ఈ యుగాదికి పెద్దింటి ఇలవేల్పునకు పొంగలి రెండిండ్లవారును కలిసి పెట్టిరి. పెద్దమ్మగారు పీట మీద కూర్చుండి వరుసలు చెప్పుచుండిరి: వీడు నీకు చిన్నాన్న, ఆమె నీకు అత్త, వాడు నీకు తమ్ముడు. పిల్లలు నవ్వుచు పలుకుచుండిరి. చిన్నింట మొన్న పుట్టిన ఆడపిల్లకు బారసాల చేసి ఆ ముత్తవ్వ పేరే పెట్టిరి. ఆ పేరు మేమిచట వ్రాయము. కాని తొట్టిలో దానిని పిలుచునప్పుడు రెండిండ్లవారును పలుకుచున్నారు.

మీ యింట మరువబడిన పేరేదియో, ఈ నెలలో నడిగి వ్రాసియుంచుడు. సంవత్సరముతో పాటు తిథిని, వారమును గూడ వ్రాయుడు.